ఉత్తరకాశీలో 28 రోజులు, మా చేనులో రెండు వానాకాలాలు

అడవిలో చిక్కుకుంటే ప్రాణం ఎలా నిలుపుకోవాలో నేర్పుతామన్న ఒక వారాంతపు శిబిరానికి మొదట వెళ్లాను. పేరు చెప్పను. గుడారాలు ముందే వేసి ఉంచారు, మంట కూడా వాళ్లే రాజేశారు. భోజనం రుచిగా ఉంది. చేతికి వచ్చిన విద్య మాత్రం ఏమీ లేదు.

ఆ వెలితితోనే ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ బేసిక్ కోర్సులో చేరాను. 1965లో పెట్టిన సంస్థ అది. సీట్లు త్వరగా నిండిపోతాయి, చాలా ముందే దరఖాస్తు పెట్టాలి; వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. డెహ్రాడూన్ నుంచి జీపులో ఘాట్ రోడ్డు ప్రయాణం, కడుపులో తిప్పేవారు ముందు సీటు అడిగి తీసుకోండి. బస అందరూ కలిసి పడుకునే గదుల్లో. ఏకాంతం కోరుకునేవారికి కష్టమే, నాకు సరిపోయింది.

శిక్షణలో ఉన్నవారిని జట్లుగా విడదీస్తారు, ఒక్కో జట్టును ‘రోప్’ అంటారు. ఉత్తరకాశీ దగ్గరి తేఖ్లా బండల మీద తాడు పట్టి ఎక్కడం, దిగడం, ఆ తర్వాత బరువులు మోస్తూ డోక్రియానీ హిమానీనదం వైపు నడక. ఇది కొండలెక్కే చదువు, అడవిలో బతికే చదువు కాదు. అయినా ఒక అలవాటు ఒంటికి పట్టింది: నడక ఆగగానే చెమట బట్ట విప్పి పొడి బట్ట వేసుకోవాలి, టీ ఆ తర్వాతే. కొండమీద చలి కంటే ఒంటిమీది తడి ప్రమాదం.

మంట మాత్రం మా చేనులోనే నేర్చుకున్నాను. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. సొంత నేల, పక్కన రెండు బిందెల నీళ్లు ఉంటేనే సాధన చేయండి. చెకుముకి రాయిని ఇనుప ముక్కతో కొడితే రవ్వలు పడేవి, బూరుగు దూది మీద పడి ఆరిపోయేవి. మొదటి వానాకాలమంతా అంతే. దూదిని మూత పెట్టిన డబ్బాలో మాడ్చి నల్లగా చేసుకోవాలని, తాతయ్య చుట్ట అలాగే వెలిగించుకునేవారని పెదనాన్న చెప్పారు. నేలమీది పుల్లలు వద్దని, చెట్టుకే ఎండి వేలాడేవి విరవమని కూడా ఆయనే చెప్పారు. లావు కట్టెను నిలువునా చీలిస్తే వానలోనూ లోపలి చేవ పొడిగానే ఉంటుంది. ఇవేవీ ఏ శిబిరంలోనూ వినలేదు.

డబ్బు, సెలవు రెండూ ఉంటే ఉత్తరకాశీకి తప్పక వెళ్లండి. లేకపోతే ఒక రాయి, ఇనుప ముక్క, ఊళ్లో ఒక పెద్దాయన చాలు.

పోయిన శ్రావణంలో, జల్లు పడుతుండగా, నాలుగో దెబ్బకు దూది రాజుకుంది. పెదనాన్న వంగి, ఆ నిప్పుతోనే చుట్ట ముట్టించుకున్నారు.