సాల్ విలియమ్స్ 2004 ఆల్బమ్: ఏళ్ల తరబడి విన్నాక ఏం మిగిలింది

సాల్ విలియమ్స్ అమెరికన్ కవి. 2004లో తన పేరే పెట్టి పన్నెండు పాటలతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. హిప్ హాప్, పంక్ రాక్, స్టేజి మీద నిలబడి కవిత చెప్పడం, మూడూ అందులో కలిసిపోయి ఉంటాయి. దీన్ని నేను కాలేజీలో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఉద్యోగంలో చేరాక కూడా వింటూనే ఉన్నాను, ఎక్కువగా విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి వెళ్లే పాసింజర్‌ రైల్లో. కొత్తగా విన్న ఉత్సాహంలో రాసినవి ఎన్నో ఉంటాయి, ఇన్నేళ్లు విన్నాక ఏ పాట నిలిచింది, ఏది నిలవలేదు అన్నది చెబుదామని రాస్తున్నాను.

అతను పాటల వైపు వచ్చింది కవిత్వం నుంచి, అది గుర్తుంచుకుంటే ఆల్బమ్ సగం అర్థమైనట్టే. 1996లో న్యూయార్క్‌లోని న్యూయోరికన్ పొయెట్స్ కెఫే కవితా పోటీల్లో ఛాంపియన్. 1998లో వచ్చిన 'స్లామ్' సినిమాలో హీరో, రచయితల్లో ఒకడు కూడా. దానికి సన్‌డాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. 2001లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి నిర్మాత రిక్ రూబిన్. మామూలుగా ర్యాపర్లు ముందు బీటు పెట్టుకుని దానికి మాటలు సరిపెడతారు. ఇతని దగ్గర నాకు ఎప్పుడూ మాటే ముందు నడుస్తున్నట్టు ఉంటుంది. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడ డ్రమ్ము ఆగుతుంది, ఎక్కడ కోపం వస్తుందో అక్కడ గిటారు చీలిపోతుంది. మా వైపు జముకుల కథ విన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. కథకుడు పాట పాడుతూ పాడుతూ వచనంలోకి దిగిపోతాడు, మళ్లీ ఎప్పుడు పాట అందుకున్నాడో మనకి తెలీదు, వంతవాళ్లు ఊపు తగ్గనివ్వరు. విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి శ్రీకాకుళం రైతాంగ ఉద్యమంలో ఈ కళనే ఊళ్లోకి తీసుకెళ్లాడు, 1969లో ప్రాణం పోయేదాకా. ఒక మనిషి గొంతు, ఒక తాళం, చెప్పి తీరాల్సిన విషయం ఉంటే చాలు అన్నది మా జిల్లావాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకేనేమో, ఇంగ్లీషు సగం కూడా అర్థం కాని రోజుల్లోనే నాకు ఈ ఆల్బమ్ పట్టుకుంది.

మొదటి పాట 'టాక్ టు స్ట్రేంజర్స్'లో పియానో వాయించింది సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు సెర్జ్ టాంకియన్. పియానో, దాని మీద మాటలు, అంతే. తర్వాత 'గ్రిప్పో' ఒక్కసారిగా మీద పడుతుంది. ఇది మా రూమ్‌లో పెట్టినప్పుడు ఫ్రెండొకడు "ఏట్రా ఇది, పాడతన్నాడా తిడతన్నాడా" అన్నాడు. రెండూనూ. బూతులు ఉన్నాయి, ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టకండి.

అందరికీ తెలిసిన పాట 'లిస్ట్ ఆఫ్ డిమాండ్స్'. 2008లో నైకీ యాడ్‌లో వాడారు, 2018లో ద కిల్స్ అనే బ్యాండ్ మళ్లీ పాడింది. బానిసత్వానికి రావలసిన పరిహారం గురించిన పాట ఇది, బాకీ వసూలుకి వచ్చినవాడిలా అడుగుతాడు, బతిమాలడం ఉండదు. పంక్ అంటే నాకు అర్థమైంది ఈ పాటతోనే. నాలుగు ముక్కలు, పెద్ద శబ్దం, నునుపు చేయకుండా అలాగే వదిలేయడం. బేస్ పగిలినట్టు వినిపిస్తే మీ ఇయర్‌ఫోన్స్ పాడైపోయాయనుకోకండి, కావాలనే అలా చేశారు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, అడుగున ఉన్న దెబ్బ మొత్తం పోతుంది.

'యాక్ట్ త్రీ సీన్ టూ'లో రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ బ్యాండ్ గాయకుడు జాక్ డి లా రోచా కలిసి పాడాడు. ఆ పేరు షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలోది, సీజర్ శవం ముందు నిలబడి ఆంటొనీ జనాన్ని తనవైపు తిప్పేసుకునే ఘట్టం. డిగ్రీలో ఆ ప్రసంగాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టాను, పరీక్ష అయ్యాక వదిలేశాను. ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక కవి దాన్ని ఎందుకు తీసుకున్నాడో ఆలోచిస్తే, ఒక మనిషి మాటతో గుంపు మనసు ఎలా మారుతుందో ఏ క్లాసులోనూ తెలియనంతగా తెలిసింది. 'టెలిగ్రామ్' హిప్ హాప్‌కే రాసిన తంతి. వాక్యం వాక్యానికీ స్టాప్, స్టాప్ అంటాడు, ఇంగ్లీషు తంతిలో వాక్యం ముగిసిందని చెప్పడానికి రాసే మాట అది. మన దేశంలో తంతి సేవలు 2013 జులైలో ఆగిపోయాయి కాబట్టి ఇప్పటి పిల్లలకి ఆ పద్ధతి కొంచెం చెప్పాల్సి రావచ్చు. తను ప్రేమించిన సంగీతాన్నే నిలబెట్టి, నువ్వు దారి తప్పావు అని అడగడానికి చాలా ధైర్యం కావాలి. ప్రేమ లేనివాడైతే ఆ తంతి రాసే శ్రమ కూడా పడడు.

ఇక 'బ్లాక్ స్టేసీ'. స్టేసీ అతని మధ్య పేరు. చిన్నప్పుడు తోటి నల్లజాతి పిల్లలే నలుపు ఎక్కువని ఏడిపించడం, తెల్లబడే క్రీములు రాసుకోవడం, ఆడపిల్లల ముందు సిగ్గుపడటం, అంతా దాచకుండా చెబుతాడు. తర్వాత పెద్ద పెద్ద ర్యాపర్ల వైపు తిరిగి, ఆ నగలూ కార్ల వెనక ఇలాంటి భయమే దాచారు కదా అని అడుగుతాడు. మా ఇళ్లల్లో పెళ్లిచూపుల మాటలు విన్నవాళ్లకి ఈ పాట గురించి వేరే చెప్పాలా? "పిల్ల బాగుంది గానీ రంగే కొంచెం తక్కువ" అని ఆ పిల్ల వినేటట్టే అంటారు. మా చిన్నాన్న కూతురు టెన్త్ నుంచి ఫెయిర్‌నెస్ క్రీము రాస్తూనే ఉంది, ఎవరూ వద్దనలేదు, పైగా కొనిచ్చారు. అర్థం చెప్పి ఈ పాట వినిపిస్తే మొత్తం విని, మళ్లీ పెట్టమంది. ఆల్బమ్ మొత్తంలో నేను ఒక్క పాటే ఉంచుకోవాలంటే ఇదే ఉంచుకుంటాను.

తక్కువైనవీ ఉన్నాయి. 'బ్లాక్ స్టేసీ' తర్వాత ఆల్బమ్ ఊపు తగ్గుతుంది. 'కంట్రోల్ ఫ్రీక్' నాకు ఎన్నేళ్లు విన్నా దగ్గర కాలేదు, ఇప్పటికీ దాటేస్తాను. 'సీవీడ్' నిదానంగా నచ్చింది, రాత్రిపూట బాగుంటుంది. 'ఆఫ్రికన్ స్టూడెంట్ మూవ్‌మెంట్' గుంపుతో వింటే ఒకలా, ఒంటరిగా వింటే ఇంకోలా ఉంటుంది, గుంపుతోనే బాగుంటుంది.

కొత్తగా వినేవాళ్లు మొదటి పాట నుంచి వరసగా వెళ్లకండి. 'లిస్ట్ ఆఫ్ డిమాండ్స్'తో మొదలుపెట్టి, 'బ్లాక్ స్టేసీ'ని సాహిత్యం ఎదురుగా పెట్టుకుని చదువుతూ విని, ఆ తర్వాత 'టెలిగ్రామ్'కి రండి. ఈ మూడూ పట్టుకుంటే మిగతావి వాటంతటవే వస్తాయి, పట్టుకోకపోతే బలవంతంగా వినక్కర్లేదు. ఇది నచ్చినవాళ్లు 2007లో నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ ట్రెంట్ రెజ్నర్ నిర్మాతగా వచ్చిన తర్వాతి ఆల్బమ్ కూడా వినండి. అప్పట్లో దాన్ని నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టి, ఊరికే తీసుకుంటారో అయిదు డాలర్లు ఇస్తారో మీ ఇష్టం అన్నారు. శబ్దం అందులో ఇంకా బరువు, మాటల పదును మాత్రం నాకు 2004 దాంట్లోనే ఎక్కువ.