వారంటీ దాటి ఏళ్లయ్యాక మా 750 వాట్ల మిక్సీ ఎలా ఉందంటే

కొన్న వారానికే అయిదు నక్షత్రాలు ఇచ్చేసే సమీక్షలు నాకు పెద్దగా పనికిరావు, కొత్తలో ఏ మిక్సీ అయినా బాగానే తిరుగుతుంది. మాది రోజూ నడుస్తోంది, ఇన్నేళ్లలో దాదాపు ప్రతి భాగాన్నీ విప్పి చూశాను. నాకు తేలిందేమిటంటే, మోటారు కన్నా ముందు జార్లే పాడవుతాయి.

నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోతే మోటారు కాలిపోయిందని టెన్షన్ పడతాం. చాలాసార్లు అది, బరువు ఎక్కువైతే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ స్విచ్చు పని. ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. కానీ మాటిమాటికీ ఇలా ఆగిపోతుంటే, అంటే ట్రిప్ అవుతుంటే, బటన్ నొక్కుకుంటూ కూర్చోవద్దు, జారు ఖాళీ చేసి దాని కింద, మోటారుకి తగులుకునే పళ్లున్న కప్లర్‌ను చేత్తో తిప్పి చూడండి. పట్టేసినట్టుంటే లోపల బ్లేడు ఇరుసు తిరిగే బుష్షు అరిగి ఉంటుంది, లేదా తడి దిగి తుప్పు పట్టి ఉంటుంది, ఆ బరువంతా మోటారు మీదే పడుతుంది. జారు అడుగున నల్లటి జిడ్డు కారినా అదే కథ. మా చిన్న జారుకి బుష్షు, బ్లేడు మార్చాక ట్రిప్ అవడం ఆగింది, చప్పుడు కూడా కొంత తగ్గింది.

మోటారు వైపు కప్లర్ పళ్లు అరిగితే మోటారు గోల పెడుతుంది గానీ బ్లేడు కదలదు. దీన్ని విప్పడంలో ఒక కిటుకుంది. నడిచేకొద్దీ బిగిసేలా మర ఉంటుంది కాబట్టి, షాఫ్టు కదలకుండా పట్టుకుని, మోటారు తిరిగే వైపుకే కప్లర్ తిప్పాలి.

ఇక కార్బన్ బ్రష్షులు. లోపల ఉండేది బ్రష్షులతో నడిచే యూనివర్సల్ మోటారు, తిరిగే తీగచుట్టల భాగమైన ఆర్మేచర్‌కి కరెంటు ఈ రెండు బ్రష్షుల ద్వారానే చేరుతుంది కాబట్టి అవి ఆర్మేచర్ మీది రాగి వలయమైన కమ్యుటేటర్‌కి రాసుకుని అరగక తప్పదు. చిన్న చిన్న నీలం మెరుపులు మామూలే, కమ్యుటేటర్ చుట్టూ నిప్పుల వలయంలా కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. మారిస్తే రెండూ కలిపి మార్చాలి, ఆ తర్వాత కాసేపు జారు పెట్టకుండా నడిపితే కొత్తవి కుదురుకుంటాయి. మా దాంట్లో బ్రష్షులు తీయడానికి బయట మూతల్లేవు, అడుగంతా విప్పాల్సిందే, పైగా ఒక స్క్రూ రబ్బరు కాలి కింద దాచారు. డిజైన్ చేసినవాళ్లు ఒక్కసారైనా విప్పి చూశారో లేదో! అందుకే ఒక మార్కు కోత.

ఒక స్పీడులో నడిచి ఇంకో స్పీడులో నడవకపోతే బ్రష్షుల జోలికి పోవద్దు, స్పీడు మార్చే రోటరీ స్విచ్చునో, మోటారులో కదలకుండా ఉండే తీగచుట్ట అయిన ఫీల్డ్ కాయిల్‌నో మల్టీమీటర్‌తో చూడాలి. ఆర్మేచర్ కాలితే నేనైతే చెయ్యి పెట్టను, మెకానిక్‌కే ఇస్తాను.

అయిదుకి నాలుగు. ఈసారి కొంటే వాట్లు చూసే ముందు జారు బుష్షు, కప్లర్ విడిగా దొరుకుతాయా అని అడుగుతాను.