మూడేళ్లుగా వాడుతున్న ఆరొందల ఓబీడీ స్కానర్: గాలి లీకు పట్టిస్తుందా?

ముందే చెప్తున్నా, ఇంజిన్‌లో గాలి ఎక్కడ లీకవుతోందో ఈ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని రీడింగులు, లోపాల కోడ్‌లు చదివే డబ్బా) చూపించదు. చూపిస్తుందనుకుని కొన్నవాళ్లు రెండో రోజే తిట్టుకుంటారు, నేనూ తిట్టుకున్నా. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, నీలం రంగులో ఉండే బ్లూటూత్ డబ్బా ఇది, 2022లో ఆరొందల చిల్లరకు తెప్పించుకున్నా. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజిన్ రీడింగులు కనబడతాయి. నాది 2014 మోడల్ పెట్రోల్ బండి. బీఎస్-4 (పొగ కాలుష్య నిబంధన) బండ్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్‌లో, అంతకంటే పాత బండి అయితే కనెక్ట్ అవుతుందో లేదో చూసుకున్నాకే కొనండి.

కొన్న కొత్తలో సరదాకి ఒక పని చేశా. బండి బాగున్నప్పుడే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపేసి, ఐడ్లింగ్‌లో (రేస్ ఇవ్వకుండా ఇంజిన్ ఉత్తగా తిరుగుతుంటే) రీడింగులన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఆర్పీఎం 780, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం) ప్రెషర్ 33 కిలోపాస్కల్స్, టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ ఎంత ముందు పడుతుందో) 8 డిగ్రీల చుట్టుపక్కల. స్టార్ట్ చేయకుండా ఉత్తగా కీ ఆన్ చేస్తే అదే ప్రెషర్ 96 చూపించింది. సముద్రం పక్కనైతే 101 చూపించాలి, మన నల్గొండ కాస్త ఎత్తు మీద ఉంది కాబట్టి ఆ మాత్రం తగ్గుతుంది, అంటే సెన్సార్ బాగానే ఉందన్నమాట. ఆ రోజు ఆ ఫోటోలతో ఏం పని పడుతుందో నాకే తెలియదు.

పోయిన మే నెలలో నార్కట్‌పల్లి నుంచి వస్తుంటే క్లాక్ టవర్ సిగ్నల్ దగ్గర మొదలైంది. బండి ఆపితే చాలు, ఆర్పీఎం ముల్లు 1,200కి ఎగరడం, 700కి పడటం, మళ్లీ ఎగరడం, పక్క ఆటో అతను నేను కావాలనే రేస్ ఇస్తున్నా అనుకుని ఒకటే చూపు. దేవరకొండ రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకెళ్తే ‘ప్లగ్గులు పోయినయన్నా’ అన్నాడు, మార్చాం. తగ్గలేదు. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి ఎంత గాలి పోవాలో చూసే భాగం) క్లీన్ చేయించాం, రెండు రోజులు బాగుంది, మళ్లీ అదే కథ. మూడోసారి ‘ఐడ్లింగ్ వాల్వే మార్చాలె’ అనేసరికి ఇక చాలనుకుని బండి ఇంటికి తెచ్చేశా. అప్పటికి నాలుగు వేలు దాటింది.

గాలి లీకేమో అని నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట: గాలి లీకైతే ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే లెక్క) ప్లస్ 20 దాటుతుంది, పీ0171 కోడ్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని) వస్తుంది అని. నా దాంట్లో ట్రిమ్ ప్లస్ 6, కోడ్ ఏమీ లేదు, చెక్ లైట్ కూడా వెలగలేదు. అయితే లీకు కాదులే అనుకుని ఒక వారం పాడు చేసుకున్నా. తర్వాత అర్థమైంది, ఆ లెక్క లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న బండ్లకు. సెన్సార్ దాటాక దొంగదారిన వచ్చిన గాలి దానికి తెలియదు, పెట్రోల్ తక్కువ పడుతుంది, ట్రిమ్ ఆ లోటు పూడుస్తుంది. మన చిన్న బండ్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్‌లో ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సారే ఉంటుంది. లీకు గాలి వల్ల పెరిగిన ప్రెషర్ దానికి కనబడుతుంది కాబట్టి పెట్రోల్ కూడా సరిపడా పోస్తుంది, ట్రిమ్ పెద్దగా కదలదు, ఐడ్లింగ్ మాత్రం పెరుగుతుంది. పెరిగిన ఐడ్లింగ్‌ను దించాలని కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అయినా దిగకపోతే పెట్రోల్ ఆపుతుంది, పడిపోతుంటే మళ్లీ ఇస్తుంది. ఆ ఊగుడు ఇదే.

పాత స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి చూస్తే ప్రెషర్ 33 ఉండాల్సింది 44, టైమింగ్ సున్నాకి అటూ ఇటూ. కోడ్ లేకపోయినా జబ్బు అక్కడే కనబడింది.

ఇక వెతకడం మన పని. బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, మానిఫోల్డ్‌కి వెళ్లే ఒక్కో రబ్బరు పైపును నోస్ ప్లయర్‌కి గుడ్డ చుట్టి మెల్లగా నొక్కుతూ పోయా. బ్రేక్ బూస్టర్ (బ్రేకు తేలిగ్గా పడేలా చేసేది) పైపు నొక్కితే తేడా లేదు. పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపేది) నొక్కగానే ఫోన్‌లో ఆర్పీఎం జారింది. పైనుంచి చూస్తే పైపు నిగనిగలాడుతోంది, ఏ లోపమూ లేదు. మెకానిక్ కూడా పైనుంచే చూసుంటాడు పాపం. వంపు తిరిగే చోట కింద వేలు పెట్టి తడిమితే చల్లగా లాగేసుకుంది, ‘స్స్’ సప్పుడు ఆగింది, ఆర్పీఎం 780కి వచ్చి బుద్ధిగా కూర్చుంది. విప్పి వంచితే అంగుళం పగులు, లోపల రబ్బరు ఎండిన తుమ్మ బెరడులా ఉంది. పదేళ్ల ఇంజిన్ వేడి, పైన మన ఎండలు, ఇంకేం మిగుల్తుంది. కొత్త పైపు రెండొందల లోపే.

అంతకుముందు కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి చూడమని ఎవరో అంటే కొట్టా. ఒక చుక్క వేడి సైలెన్సర్ గొట్టం మీద పడి పొగ లేచింది, గుండె జారింది. ఆ పని మాత్రం వద్దు. పైపులు నొక్కడం చాలు. ఫ్యాన్, బెల్టు దగ్గర చెయ్యి జాగ్రత్త.

మహబూబ్‌నగర్‌లో మా బావ కారుకు మాఫ్ ఉంది, దాని తీరు వేరు. పీ0171 వచ్చింది, ఆక్సిజన్ సెన్సార్ మార్చాలని ఎవరో చెప్పారట. డబ్బా గుచ్చి చూస్తే ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 24, రేస్ ఇచ్చి 2,500 దగ్గర పట్టుకుంటే ప్లస్ 5. లీకులోంచి వచ్చే గాలి ఐడ్లింగ్‌లో పెద్ద వాటా, రేస్‌లో చిన్న వాటా, అందుకే అలా దిగుతుంది. అదే రేస్ ఇచ్చినకొద్దీ ట్రిమ్ పెరిగితే ఫిల్టరో పంపో, పెట్రోల్ వైపు చూడాలి. ‘బావా, బ్రేకు ఏమన్నా గట్టిగా ఉంటుందా?’ అని అడిగితే నెల నుంచీ అంతే అన్నాడు. బూస్టర్ పైపు చివర చీలింది.

ఇక తిట్లు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ చదవదు. నాలుగు రీడింగులు ఒకేసారి పెడితే నత్తనడక, గ్రాఫ్ చూసి లాభం లేదు. లోపల ఉన్న చిప్ ఈఎల్ఎం327 వెర్షన్ 2.1 అని రాసుకుంటారు, అది నకిలీ చిప్పే, ఈ ధరకు అసలుది రాదు. ఐఫోన్ వాళ్లకు ఈ రకం బ్లూటూత్ పనిచేయదు. సాకెట్‌లోనే వదిలేసి ఎనిమిది రోజులు పెళ్లికి పోయొస్తే బ్యాటరీ డౌన్, తోసి స్టార్ట్ చేశాం. ఇంకోటి, కోడ్ రాసుకోకుండా డిలీట్ నొక్కకండి, దాంతోపాటు నేర్చుకున్న ట్రిమ్‌లు కూడా సున్నా అవుతాయి, తర్వాత చూద్దామంటే ఏమీ మిగలదు.

డబ్బా క్లిప్పు విరిగితే ఇన్సులేషన్ టేప్ చుట్టి నడిపిస్తున్నా. అదీ ఇప్పుడు బావ దగ్గరే ఉండిపోయింది, అడిగితే రేపంటాడు. ఈసారి ఆన్-ఆఫ్ బటన్ ఉన్నది తెప్పించుకుంటా.