కుండీలో చెట్టా, ప్లాస్టిక్ చెట్టా?

క్రిస్మస్‌కి చెట్టు నరకడం ఇష్టం లేనివాళ్లకు ముందు తట్టేది ప్లాస్టిక్ చెట్టే. కొన్నామా, అటకెక్కించామా, మళ్లీ ఏడాది దించామా, అంతే. కానీ అది పీవీసీ అనే ప్లాస్టిక్, ఇనుము కలిసిన సరుకు. రీసైక్లింగ్‌కు దాదాపు పనికిరాదు. కర్బన ఉద్గారాల లెక్కలు కట్టే బ్రిటన్ సంస్థ కార్బన్ ట్రస్ట్ ప్రకారం, రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వల్ల వాతావరణంపై పడే భారం సుమారు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఏటా నరికిన చెట్టు కొనడంతో పోలిస్తే, కనీసం పదేళ్లు వాడితే గానీ పర్యావరణానికి గిట్టుబాటు కాదు. ఇప్పటికే ఇంట్లో ఉంటే మాత్రం పారేయకండి.

వేళ్లతో సహా కుండీలో పెరిగే చెట్టుకే నా ఓటు. కాకపోతే దానికి ప్రాణముంది. పది రోజులకు మించి లోపల ఉంచితే, ఆ వెచ్చదనానికి చలికాలం పోయిందనుకుని చిగురిస్తుంది. తర్వాత బయటి మంచుకి ఆ చిగుళ్లు మాడిపోతాయి. మట్టిలో వేలు దూర్చి చూడండి, పొడిగా తగిలితే నీళ్లు పోయాలి. సూదుల్లాంటి ఆకులు రాలుతున్నాయంటే ఆలస్యమైనట్టే. అన్నట్టు, తడిమట్టి కుండీ బాగా బరువు, మోసేటప్పుడు నడుం జాగ్రత్త!