రోమన్లకే తెలియని రోమన్ ప్రపంచం: చాలాకాలం ఆడాక 'ఇంపరేటర్: రోమ్' మీద నా సమీక్ష

స్ట్రాటజీ గేముల్లో నాకు మొదటి నుంచీ యుద్ధాల కంటే మ్యాప్ మీదే మోజు. అందుకే పారడాక్స్ అనే గేమ్ కంపెనీ వాళ్ల 'ఇంపరేటర్: రోమ్' 2019లో విడుదలైనప్పటి నుంచి నా కంప్యూటర్‌లో ఉంది, ఏళ్లు గడిచినా తీసేయలేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 2.0 వెర్షన్‌తో ఆట బాగా కుదుటపడింది. తర్వాత కొద్ది నెలలకే కొత్త పని ఆగిపోయింది. ఇప్పుడు నేను ఆడేది అభిమానులు కలిసి నడుపుతున్న 'ఇన్విక్టస్' మోడ్‌తో (ఆటను మార్చే అదనపు ప్యాకేజీ).

ముందు మ్యాప్ గొప్పతనం చెప్పాలి. అట్లాంటిక్ తీరం నుంచి బంగాళాఖాతం దాకా ఒకే మ్యాప్. ఆల్ప్స్ దాటాలంటే కనుమలు వెతుక్కోవాలి. ఆట క్రీ.పూ. 304లో మొదలవుతుంది, తేదీ మాత్రం రోమ్ నగరం పుట్టిన ఏడాది నుంచి లెక్కించి 450 అని చూపిస్తుంది. అది చూస్తేనే ఆ కాలంలోకి వెళ్లిపోతాం. అన్నిటికంటే నాకు నచ్చింది రోడ్లు. సైన్యం నడుస్తూ నడుస్తూ రోడ్డు వేస్తుంది. వేసేటప్పుడు డబ్బూ పోతుంది, కాలమూ పోతుంది. కానీ ఒకసారి పడ్డాక రోమ్‌కు దక్షిణాన ఉన్న కాపువా వైపు వెళ్లే సైన్యం వేగం చూడాలి! ఆ ఊరికి వేసిన ఆప్పియన్ రహదారి పని నిజంగా మొదలైంది క్రీ.పూ. 312లో, అంటే ఆట ప్రారంభానికి ఎనిమిదేళ్ల ముందు. ఈ ఒక్క విషయంలో గేమ్ చేసినవాళ్లు అచ్చం రోమన్లలా ఆలోచించారు.

రోమన్లకు భూగోళం అంటే చాలావరకు దారే. ఫలానా ఊరి తర్వాత ఫలానా ఊరు, మధ్యన ఇన్ని మైళ్లు. స్పెయిన్‌లోని గాదేస్ నుంచి రోమ్ దాకా మజిలీలన్నీ మైళ్లతో సహా చెక్కిన నాలుగు వెండి పాత్రలు ఇటలీలోని వికరెల్లోలో దొరికాయి. వియన్నా గ్రంథాలయంలో ఉన్న రోమన్ దారుల పటం, పాయిటింగర్ పటం, చూసినా ఇదే కనిపిస్తుంది. మధ్యయుగంలో తీసిన నకలు అది. పొడవు దాదాపు 6.75 మీటర్లు, ఎత్తు 34 సెంటీమీటర్లే. మధ్యధరా సముద్రం సన్నటి కాలువలా సాగిపోయి ఉంటుంది, ఉత్తరం దక్షిణం నలిగిపోయి ఉంటాయి. అయినా దాన్ని పట్టుకుని ప్రయాణం చేయొచ్చు, ఎందుకంటే ఊరికీ ఊరికీ మధ్య దూరం రాసి ఉంది. ఆకారం ఎలా ఉన్నా దారి తప్పదు.

సరిగ్గా ఇక్కడే ఈ గేమ్ మీద నా పెద్ద ఫిర్యాదు. మొదటి రోజునే కెమెరాను తూర్పుకి లాగితే పాటలీపుత్రం కనిపిస్తుంది. నొక్కితే చంద్రగుప్తుడి బొమ్మ, ఆయన రాజ్యం హద్దులు, ఒక్కో చోట జనాభా ఎంతో, అన్నీ. ఆనాటి రోమ్ సెనేట్‌కు ఇందులో ఏదీ తెలిసే వీలు లేదు. అంతదూరం ఎందుకు, ఉత్తర ఆఫ్రికా తీరం సంగతే చూడండి. ఫలానా భూశిరం దాటి ఓడలు నడపకూడదని రోమన్లు ఆ తీరాన్ని ఏలే కార్తేజ్ నగరంతో ఒప్పందం చేసుకున్నట్టు గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ రాశాడు. భూగోళ రచయిత స్ట్రాబో చెప్పిన కథ ఇంకా బాగుంటుంది. తగరం దొరికే దీవుల దారి కనిపెడదామని రోమన్లు ఒక ఫినీషియన్ (తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన సముద్ర వర్తకజాతి) ఓడను వెంబడించారట. ఆ ఓడ నాయకుడు కావాలనే తన ఓడను లోతు లేని నీటిలోకి తోలి, వెనకొచ్చేవాళ్లనూ అందులోనే ఇరికించాడు. తాను బయటపడి వెళ్తే, పోయిన సరుకు విలువ అతని ప్రభుత్వమే కట్టిచ్చింది! దారి తెలియడం అంత విలువైన ఆస్తి. ఈ గేమ్‌లో ఆ ఆస్తి అందరికీ ఉచితం.

ఈ విషయంలో 2004 నాటి 'రోమ్: టోటల్ వార్' ఎంతో నయం. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, ప్రాంతాలు తక్కువ, చరిత్రను చాలాచోట్ల ఇష్టమొచ్చినట్టు మార్చింది. కానీ అందులో మ్యాప్ నల్లగా మొదలవుతుంది. దూతను నడిపించి పంపితేనే అటువైపు ఏముందో తెలుస్తుంది. పైగా మ్యాప్ సమాచారాన్ని అవతలి రాజ్యానికి అమ్మొచ్చు, కొనొచ్చు. ఖజానా ఖాళీ అయినప్పుడు మ్యాప్ అమ్మి జీతాలిచ్చిన ఆటలు నాకు చాలానే ఉన్నాయి. స్ట్రాబో కథలోని లెక్క ఆ చిన్న బటన్‌లో ఉంది.

బ్రిటన్ దండయాత్ర తీసుకుంటే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంపరేటర్‌లో గాల్ (నేటి ఫ్రాన్స్) తీరాన సైన్యాన్ని ఓడలెక్కించి, అవతలి ఒడ్డు మీద ఒక క్లిక్ కొడితే చాలు. దిగకముందే అక్కడి నేల ఎలాంటిదో, జనం ఎందరో చదువుకోవచ్చు. క్రీ.పూ. 55లో సీజర్ పరిస్థితి వేరు. వర్తకులను పిలిపించి అడిగాడు. దీవి ఎంత పెద్దదో, ఎవరుంటారో, పెద్ద ఓడలు ఆగే రేవు ఎక్కడుందో ఒక్కరూ చెప్పలేకపోయారు. వొలుసేనస్ అనే అధికారిని ఒకే ఓడలో పంపితే, ఒడ్డున దిగే ధైర్యం చేయక చూసినంత చూసి అయిదో రోజు తిరిగొచ్చాడు. చివరికి రెండు లీజియన్లతో (రోమన్ సైనిక దళాలతో) దిగాక పున్నమి రాత్రి పోటు వచ్చింది. ఒడ్డుకు లాగిన ఓడల్లోకి నీళ్లు, లంగరేసిన వాటిని తుఫాను బాదేసింది. పున్నమికి ఆ సముద్రంలో పోటు అంతగా వస్తుందని రోమన్లకు తెలియదని సీజరే రాసుకున్నాడు. నేను ఆడిన ఏ గేమ్‌లోనూ ఆటుపోట్లు లేవు. ఉంటే ఎంత బాగుండేది!

మన వైపుకు వస్తే, కృష్ణా డెల్టా ఈ మ్యాప్‌లో ఉపగ్రహం నుంచి చూసినంత చక్కగా ఉంటుంది. క్రీ.శ. 150 ప్రాంతంలో భూగోళవేత్త టాలెమీకి కృష్ణ 'మైసోలోస్' అనే పేరుతో తెలుసు. కానీ ఆయన లెక్కలతో గీసిన పటంలో మన ద్వీపకల్పం మొన లేకుండా చదునైపోయి, శ్రీలంక ఎన్నో రెట్లు ఉబ్బిపోయి ఉంటుంది. అంతకుముందే రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. ఏనుగుల లెక్క చేతిలో ఉంది, తీరం ఆకారం మాత్రం చేతిలో లేదు. రోమన్ల జ్ఞానం తీరు అది: ఎక్కడి నుంచి సరుకు వస్తుందో అక్కడి కబురు కూడా వస్తుంది, మిగతాదంతా ఖాళీ. ఈ గేమ్‌లో వర్తక మార్గాలు ఎలాగూ ఉన్నాయి. ఎవరితో వ్యాపారం కుదిరితే వాళ్ల దేశం మాత్రమే మెల్లగా తెరుచుకునేలా చేసి ఉంటే, దీన్ని మించిన రోమన్ గేమ్ ఉండేది కాదని నా గట్టి అభిప్రాయం.

అందుకని కొంతకాలంగా నేను సొంత నియమాలతో ఆడుతున్నాను. సరిహద్దు తగిలేదాకా, లేదా సరుకు రావడం మొదలయ్యేదాకా ఏ దేశం మీదా క్లిక్ చేయను. కెమెరాను దగ్గరగా ఉంచి, రోడ్డు వెంటే సైన్యంతో పాటు కదులుతాను. ఆట నెమ్మదిస్తుంది కానీ, ఇల్లీరియా (ఏడ్రియాటిక్ తూర్పు తీరం) కొండలు దాటి మొదటిసారి డాన్యూబ్ నది కనిపించినప్పుడు కలిగే ఆనందం మామూలు పద్ధతిలో నాకు ఎప్పుడూ దొరకలేదు.

మ్యాపులంటే ఇష్టం ఉంటే డిస్కౌంట్‌లో కొనేయండి, ఇన్విక్టస్ మోడ్ మొదటి రోజే పెట్టుకోండి. యుద్ధభూమిలో సైనికులను స్వయంగా నడిపించాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు, వాళ్లు టోటల్ వార్ వైపే వెళ్లాలి. కొత్తవాళ్లు రోమ్‌తో కాకుండా మసాలియాతో (నేటి మార్సెయ్) మొదలుపెడితే మంచిది. క్రీ.పూ. 325 ప్రాంతంలో బ్రిటన్ చుట్టి వచ్చి, తర్వాత స్ట్రాబో చేత అబద్ధాలకోరు అనిపించుకున్న గ్రీకు నావికుడు పిథియాస్ ఊరది. చుట్టూ గాల్ తెగలు, ఎటు చూసినా సముద్రమే దారి.