టెర్లింగ్వాలో బస: ముందు నీళ్ళు, దారి అడగండి

టెర్లింగ్వాకు మున్సిపాలిటీ లేదు, మేయరూ లేడు. టెక్సాస్‌లో అన్నిటికన్నా పెద్దదైన బ్రూస్టర్ కౌంటీ కింద, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో ఉంది. కౌంటీ కేంద్రం ఆల్పైన్ ఉత్తరంగా 80 మైళ్ళు; దగ్గర్లో ఆసుపత్రి ఉన్నదీ అక్కడే. రోజూ వేసుకునే మందులు వెంట ఉండాల్సిందే.

బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు వెళ్ళేవాళ్ళకు ఇది పడమటి గుమ్మం. గది బుక్ చేసేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకుండా రెండు సంగతులు అడగండి: నీళ్ళు ఎక్కడివి, చివరి మైలు దారి ఎలాంటిది? చాలాచోట్ల పైకప్పు మీద పడ్డ వాననీళ్ళనే తొట్లలో పట్టుకుంటారు, లేదా ట్యాంకులో మోసుకొస్తారు. స్నానం గబగబా ముగించాలి. కొన్ని బసల్లో మరుగుదొడ్డికి నీళ్ళే ఉండవు, రంపపు పొట్టు చల్లాలి. కరెంటు సోలార్‌ది అయితే రైస్ కుక్కర్ పెట్టగానే ఇన్వర్టర్ ఆగిపోవచ్చు. ఎన్ని వాట్లు తట్టుకుంటుందో ముందే కనుక్కోండి. దారి గతుకుల మట్టిదైతే చిన్న కారు అడుగు రాసుకుంటుంది, వాన పడితే బంకమట్టిలో చక్రం జారుతుంది. వీధి దీపాలు ఉండవు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు ముందే దింపుకుని, పొద్దు వాలకముందే చేరుకోండి.

ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే స్టడీ బ్యూట్ కూడలి దగ్గరి మోటెల్ మేలు: తారురోడ్డు, పక్కనే పెట్రోలు, పార్కు గేటు కొద్ది మైళ్ళే. గుడారాలు నవంబరు నుంచి మార్చి దాకా బాగుంటాయి. మే, జూన్‌లో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, గుడ్డ గోడల మధ్య పగలు ఉండలేం.

పాత ఊరు మాత్రం వదలకండి. హోవర్డ్ పెర్రీ అనే వ్యాపారి స్థాపించిన చీసోస్ మైనింగ్ కంపెనీ ఇక్కడ సిన్నబార్ రాయి తవ్వి పాదరసం తీసింది. 1942లో దివాలా తీశాక జనం వెళ్ళిపోయారు. ఆ కార్మికుల రాతిగోడలు, సమాధులు కొండవాలున మిగిలాయి. సమాధుల మధ్య మెల్లగా నడవండి, రాళ్ళు కదపొద్దు. ఒకప్పటి సినిమా హాలు స్టార్‌లైట్ థియేటర్ ఇప్పుడు భోజనశాల. చిల్లీ అంటే ఇక్కడ మాంసం కూర. చిక్కుళ్ళు కూడా పందికొవ్వులో వండి ఉండొచ్చు, శాకాహారులు తప్పక అడగాలి. 1967 నుంచి చిల్లీ పోటీలకు పేరుపడ్డ ఊరు కాబట్టి నవంబరు మొదటి శనివారం చుట్టుపక్కల గది దొరకడం కష్టం.

పార్కులోని సాంటా ఎలీనా లోయకు ఓల్డ్ మావెరిక్ రోడ్డు దగ్గరి దారే గానీ 14 మైళ్ళ కుదుపుల మట్టిదారి. కాస్త చుట్టయినా రాస్ మాక్స్‌వెల్ తారురోడ్డే నయం. నడక రానుపోను 1.7 మైళ్ళు. మొదట్లోనే టెర్లింగ్వా వాగు దాటాలి; వాన పడిన మర్నాడు అక్కడ కాళ్ళు బురదలో కూరుకుపోతాయి.

తిరిగొచ్చేటప్పుడు 118 రోడ్డు మీద ఆల్పైన్ చేరకముందే బోర్డర్ పాట్రోల్ (సరిహద్దు గస్తీ దళం) తనిఖీ ఉంటుంది. అమెరికాలోనే తిరుగుతున్నాం కదా అని కాగితాలు ఇంట్లో పెట్టి రావద్దు. వీసా మీద ఉన్నవాళ్ళు ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు పత్రం), హెచ్-1బి ఉద్యోగ వీసా అయితే ఐ-797 (దాని ఆమోద పత్రం) డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.