రెండు బాత్రూముల మోటార్‌హోమ్ కొంటున్నారా? ముందు ట్యాంకులు లెక్కపెట్టండి

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈ మధ్య ఆర్‌వీలు, అంటే ఇల్లులాంటి బండ్లు, తెగ చూస్తున్నారు. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు హోటళ్ల వెంట తిరగకుండా, మన పప్పూ చారూ మనమే వండుకుంటూ నాలుగు ఊళ్లు చూపించొచ్చని. నేనూ ఆ ఆశతోనే కొన్నాను. పాత బండి, 38 అడుగుల క్లాస్ ఏ, అంటే బస్సులా ఉండే పెద్ద రకం. వెనక బెడ్రూంలో పూర్తి బాత్రూం, మధ్యలో వంటగది పక్కన ఒక చిన్న టాయిలెట్. దీన్నే ఇక్కడ బాత్ అండ్ హాఫ్ అంటారు. కొనేముందు ఇంజిన్ చూశాను, టైర్ల మీద తయారీ తేదీ చూశాను, నిచ్చెనెక్కి రూఫ్ సీలెంట్ కూడా వేలితో గీకి చూశాను. టాయిలెట్ల దగ్గరికొచ్చేసరికి మూత ఎత్తి, తెల్లగా ఉన్నాయి కదా అని దింపేశాను. ఆ మూత దింపినందుకు నాకు పడ్డ బిల్లు 2,640 డాలర్లు. అత్తయ్య ముందు పోయిన పరువు ఈ లెక్కలో లేదు.

ఎవరి దగ్గర కొన్నానో అడగొద్దు, చెప్పను. ఆయన అన్న మాట మాత్రం చెప్తాను. "రెండు బాత్రూములు కాబట్టి అన్నీ రెండేసి. ఏడుగురు మూడు రోజులు నిశ్చింతగా తిరగొచ్చు." నేను ఇంటి లెక్కన ఆలోచించాను. ఇంట్లో ఎన్ని బాత్రూములున్నా కింద కాలువ ఒకటే, అది ఎప్పుడూ నిండదు. బండిలో కాలువ ఉండదు, డబ్బాలు ఉంటాయి. సింకుల్లోంచి, షవర్‌లోంచి వచ్చే నీళ్లు గ్రే ట్యాంకులోకి వెళ్తాయి. టాయిలెట్‌లో పోయేదంతా బ్లాక్ ట్యాంకులోకి. మా బండికి బ్లాక్ ట్యాంకు ఒక్కటే, 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు. రెండు టాయిలెట్లకూ అదే దిక్కు. అద్దాలు, ఎల్‌ఈడీ లైట్లు, తోలు సోఫాలు పైన పటారం. లోన ఏముందో చెప్తాను వినండి.

ఒకే ట్యాంకుకి రెండు టాయిలెట్లు ఎలా కలుస్తాయన్నది ఇక్కడ అసలు కిటుకు. మధ్యలో ఉన్న చిన్న టాయిలెట్ సరిగ్గా ట్యాంకు నెత్తిన ఉంటుంది. పెడల్ తొక్కితే అడుగున ఫ్లాప్ తెరుచుకుంటుంది, అంతా నేరుగా కింద పడుతుంది. కరెంటు అక్కర్లేదు. చెంబుతో నీళ్లు పోసినా పని జరుగుతుంది. వెనక బాత్రూం ట్యాంకుకి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ మ్యాసరేటర్ టాయిలెట్ పెడతారు. బటన్ నొక్కితే మిక్సీ తిరిగినట్టు గరగరమని తిప్పి, మెత్తగా చేసి, సన్నటి పైపులోంచి ట్యాంకులోకి తోస్తుంది. చూడ్డానికి ఇంటి టాయిలెట్‌లాగే పింగాణీది, దర్జాగా ఉంటుంది. కానీ 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే అది వట్టి కుర్చీ. తడి వైప్ ఒక్కటి లోపలికెళ్తే బ్లేడుకి చుట్టుకుని కూర్చుంటుంది. డబ్బా మీద "ఫ్లషబుల్" అని ఉన్నా సరే.

ఇప్పుడు జరిగింది. జూన్‌లో బయల్దేరాం. అమ్మానాన్నలకి వెనక బెడ్రూం, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు కాబట్టి చిన్న టాయిలెట్‌కి దగ్గరగా ముందు సోఫా, మేమిద్దరం, పిల్లలిద్దరు. మొత్తం ఏడుగురం. డల్లాస్ పక్కన మా ఫ్రిస్కో నుంచి 287 హైవే పట్టుకుని మొదటి రాత్రి అమరిల్లో. అక్కడ బండి నిలిపిన మా సైట్‌కి సీవర్ కనెక్షన్ ఉంది, అంటే ట్యాంకు నేరుగా మురుగు కాలువలోకి ఖాళీ చేయొచ్చు. ట్యాంకులు ఎంత నిండాయో చూపే ప్యానెల్ నొక్కి చూశాను, బ్లాక్ ట్యాంకు మూడో వంతు అంది. మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేయాలని నేను బాగా చదువుకుని వచ్చాను. అది నిజంగా మంచి సూత్రమే. లోపల ద్రవం ఎక్కువ ఉంటేనే ఘనపదార్థాన్ని కొట్టుకుని బయటికి వస్తుంది. అందుకని గొట్టం తియ్యకుండా పడుకున్నాను.

రెండో రాత్రి ఆల్బుకర్కీ. ఆ సైట్‌లో కరెంటు, నీళ్లు ఉన్నాయి, సీవర్ లేదు. ప్యానెల్ మళ్లీ మూడో వంతే అంది. ఏడుగురం రెండు రోజులు వాడాక కూడా అంతేనా అని నాకు అనుమానం రావాలి. రాలేదు. 40 గ్యాలన్లంటే పెద్దదే కాబోలు అనుకున్నాను.

రాత్రి రెండున్నరకి నాన్న లేచి వెనక బటన్ నొక్కినట్టున్నారు, గరగర వినపడింది. కాసేపటికి అత్తయ్య చిన్న టాయిలెట్‌లోకి వెళ్లారు. పెడల్ తొక్కిన మరుక్షణం ఒక కేక. కిందికి పోవాల్సింది పైకి ఎగదన్నింది. గిన్నె దాటి, నేల దాటి, వంటగది దాకా. పోపుల పెట్టె తడిసింది. ఆ తర్వాత రెండు గంటలు మేం ఏం చేశామో రాయను, భోంచేస్తూ చదివేవాళ్లు ఉంటారు.

ఎందుకు ఎగదన్నిందో తర్వాత అర్థమైంది. ట్యాంకు అప్పటికే నిండిపోయింది. అయినా వెనక పంపు తోస్తూనే ఉంది. ట్యాంకులో చోటు లేక ఆ మురుగు రూఫ్ దాకా వెళ్లే వెంట్ పైపులో పైకెక్కి నిలబడింది. చిన్న టాయిలెట్ ఫ్లాప్ దాన్నంతా బిర్రుగా ఆపుకుని ఉంది. అత్తయ్య పాదం పెడల్ మీద పడగానే ఆ పైపులో ఉన్న బరువంతా దారి చూసుకుంది. ఒకే ట్యాంకుకి ఒక పంపు టాయిలెట్, ఒక ఫ్లాప్ టాయిలెట్ ఉంటే ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే ట్యాంకు నిండగానే పంపు పనిచేయకుండా ఆపే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంటుంది. మా దాంట్లోనూ ఉంది. పనిచెయ్యలేదు.

గ్రాండ్ కాన్యన్ చూశాం, చూడలేదని కాదు. మా నాన్న ఇప్పటికీ ఆ ఎర్ర కొండల గురించే చెప్తారు. మిగతావాళ్లం దారిలో ఉన్న ప్రతి పెట్రోల్ బంకు బాత్రూం గురించీ చెప్పగలం.

తిరిగొచ్చాక ఇంటికే వచ్చి రిపేరు చేసే ఒక ఆర్‌వీ మెకానిక్‌ని పిలిచాను. పెద్దాయన, మాట తక్కువ. ముందు ట్యాంకు ఖాళీ చేయించి, తర్వాత 5 గ్యాలన్ల బకెట్‌తో చిన్న టాయిలెట్‌లో నీళ్లు పోయడం మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు మడుస్తున్నాడు. ఎనిమిది బకెట్లు పట్టాలి కదా. నాలుగున్నరకే నీళ్లు గొంతు దగ్గరికొచ్చాయి. టార్చి వేసి చూడమన్నాడు. ఫ్లాప్ కింద సరిగ్గా మధ్యలో పుట్టలాగా ఒక గట్టి గుట్ట. మాకు ముందు బండి వాడినవాళ్లెవరో ఒకే చోట నెలల తరబడి నిలిపి, ట్యాంకు ఖాళీ చేసే బ్లాక్ వాల్వ్ తెరిచే ఉంచి ఉంటారన్నాడు. నీళ్లు ఎప్పటికప్పుడు పోతాయి, మిగతాది అక్కడే పడి ఎండిపోతుంది. 40 గ్యాలన్ల ట్యాంకులో మాకు దక్కింది 22 గ్యాలన్లు.

ప్యానెల్ సంగతి ఇంకా బాగుంటుంది. ట్యాంకు గోడకి కింద నుంచి పైకి మూడు పిన్నులుంటాయి. మూడో వంతు, మూడింట రెండు, ఫుల్. నీళ్లు ఏ పిన్ను దాకా వస్తే ఆ దీపం వెలుగుతుంది. మా కింది పిన్నుకి మకిలి పట్టి ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. పై రెండిటి తీగలు ఊడి ఉన్నాయి. ఫుల్ పిన్ను తీగకే పంపుని ఆపే ఏర్పాటు కూడా ముడిపడి ఉంది. ఆ తీగలు ఊడాయో, ఎవరైనా పీకారో నేను నిరూపించలేను. కాగితం మీద "యాజ్ ఈజ్", అంటే ఉన్నది ఉన్నట్టుగా, అని ఉంది, కింద నా సంతకం ఉంది. కానీ నాకు ఒకటి గుర్తొచ్చి కడుపు మండింది. కొన్న రోజు లాట్‌లోనే ప్యానెల్ మూడో వంతు చూపించింది. "ట్యాంకు ఖాళీ అన్నారుగా?" అని అడిగాను కూడా. "ఆర్‌వీ సెన్సర్లు ఎప్పుడూ అబద్ధమే చెప్తాయి" అని అమ్మినాయన నవ్వాడు. నేనూ నవ్వాను.

మ్యాసరేటర్ విప్పితే వైప్ ముక్క కూడా దొరికింది. అది మా చిన్నవాడి పనే అయ్యుండొచ్చు, కాదనను.

ఇంకో మాట, మన ఇళ్లకి సంబంధించింది. మనం నీళ్లు వాడతాం. నేను రెండు టాయిలెట్లకీ హ్యాండ్ స్ప్రే పెట్టించాను, లేకపోతే మా అమ్మ బండే ఎక్కేది కాదు. కొంపదీసి ఆ నీళ్ల వల్లే ఇదంతా జరిగిందేమో అని మెకానిక్‌ని అడిగాను. తిరగేసి చెప్పాడు. నీళ్లు ఎక్కువ, కాగితం తక్కువ అయితే ట్యాంకుకి అంతకంటే మేలు లేదట, గుట్ట కట్టదు, పిన్నులకి కాగితం అంటుకోదు. కాకపోతే తొందరగా నిండుతుంది. అమ్మేవాళ్లు చెప్పే రోజుల లెక్క కాగితం వాడేవాళ్లది. మీ ఇంట్లో ఎంతమంది, ఎన్ని నీళ్లు అన్నది మీరే లెక్క కట్టుకోండి. గ్యాలన్ నీళ్ల బరువు 8.34 పౌండ్లు. నిండిన 40 గ్యాలన్ల ట్యాంకు మీ బండి మోసే బరువుకి 330 పౌండ్లు పైనే కలుపుతుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు అమ్మే మనిషిని పక్కన పెట్టి, బండి పక్కన కింద గొట్టాలుండే అరలోకి వంగండి. దాన్ని వెట్ బే అంటారు. అక్కడ లాగే హ్యాండిళ్లు ఎన్ని ఉన్నాయో, ఏది ఏ ట్యాంకుదో అడగండి. తర్వాత ఒక్కో టాయిలెట్ దగ్గరికెళ్లి "ఇది ఎక్కడికి పోతుంది?" అని అడగండి. తడబడితే మీకు సమాధానం దొరికినట్టే. రెండు టాయిలెట్లున్న అన్ని బండ్లూ మాదానిలాగా ఉండవు. నాకు తెలిసిన ఒకాయన ఫిఫ్త్ వీల్‌లో, అంటే పికప్ ట్రక్కు లాక్కెళ్లే బండిలో, రెండో టాయిలెట్‌కి వేరే బ్లాక్ ట్యాంకు ఉంది, దాని వాల్వూ గొట్టం తగిలించే చోటూ కూడా వేరు. ఆయన మొదటి నాలుగు ట్రిప్పులు ఒక్కదాన్నే ఖాళీ చేశాడు. రెండోది ఉందని ఆయనకి తెలిసింది వాసన వల్ల.

ఫ్లాప్ తొక్కి, టార్చి వేసి లోపలికి చూడండి. ఖాళీ ట్యాంకంటే అడుగు చదునుగా కనపడాలి. గిన్నెలో కాసిని నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. నిలవకపోతే ఫ్లాప్ సీలు పోయినట్టు, ఆ కొద్ది నీళ్లే కదా కంపుని ఆపేది. మ్యాసరేటర్‌ని కనీసం మూడుసార్లు తిప్పించి వినండి. బకెట్లతో నీళ్లు పోసి ప్యానెల్ దీపాలు ఒక్కోటీ వెలుగుతున్నాయో లేదో చూడండి. ఇది చేయనివ్వను అంటే ఆ బండి వదిలెయ్యండి. గ్లవ్స్ వేసుకుని, కింద బకెట్ పెట్టి డంప్ పైపు మూత తీయించండి. వాల్వులన్నీ మూసి ఉండగా ధార కారిందంటే వాల్వు సీలు కూడా ఖర్చే. ఇదంతా మీవల్ల కాదనుకుంటే ఎన్‌ఆర్‌వీఐఏ (ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి. అమ్మేవాడు చూపించిన మనిషిని మాత్రం కాదు.

బ్లాక్ ట్యాంకు కడగడానికి బయట ఒక నీళ్ల కనెక్షన్ ఉంటుంది. దానికి గొట్టం పెట్టేముందు బ్లాక్ వాల్వ్ తెరవండి, తెరిచాక పక్కనే నిలబడండి. వాల్వ్ మూసి నీళ్లు వదిలి కబుర్లలో పడితే మా అత్తయ్యకి జరిగిందే మీకూ జరుగుతుంది, ఇంకా ఎక్కువ జరుగుతుంది. తాగే నీళ్ల గొట్టం దానికి వాడకండి. ఖాళీ చేసేటప్పుడు బ్లాక్ ముందు, గ్రే తర్వాత. ఆ సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. బాత్రూం రూఫ్ ఫ్యాన్ తిరుగుతుండగా ఫ్లాప్ తొక్కకండి, ట్యాంకులో గాలి మొత్తం బండిలోకి లాగుతుంది.

ఇప్పుడు మా బండి బాగానే ఉంది. గుట్ట కరిగించడానికి మెకానిక్‌కి రెండు రోజులు పట్టింది, తీగలు కలిపాడు, మ్యాసరేటర్ కొత్తది. కానీ అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న అదే: "బాబూ, ఆ బండి ఇంకా ఉందా?" పోయిన వారం అమ్మకానికి పెట్టాను. ప్రకటనలో మొదటి వాక్యం మా ఆవిడ రాసింది: రెండు టాయిలెట్లు, ఒకటే ట్యాంకు, 40 గ్యాలన్లు, బకెట్ తెచ్చుకుని కొలుచుకోవచ్చు.